సర్దుబాటు గారి అతుకు

ఆఫీసులో ఆయన్ను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆయన సర్దుబాటు గారు. ఎదురుగా అలా పిలిచినా నొచ్చుకునేవారు కాదు, "ఆఁ, చెప్పండి" అంటూ తల తిప్పేవారు. నన్నేమో ఆఫీసంతా అత్తగారు అనేది. నాకు కొడుకూ లేడు, కోడలూ లేదు. ఆఫీసువాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం, అందుకని ఆ పేరు. నేను మాత్రం నొచ్చుకునేదాన్ని, అదీ పైకి వినబడేలాగే నొచ్చుకునేదాన్ని.

ఆయన గురించి మంచిగా రాయమని ఎవరూ నన్ను అడగలేదు, చెడుగా రాయమనీ అడగలేదు. ఒక వాచ్‌మన్ తన తోడబుట్టిన అక్క ముందు మళ్ళీ తలెత్తుకు నిలబడగలడా లేడా అన్నది ఈయన నోటినుంచి రావాల్సిన ఒక మాట మీద ఆధారపడింది. ఆ మాట ఈయన చెప్పారు. ఎలా చెప్పారో, ఎప్పుడు చెప్పారో చూసినదాన్ని నేను కాబట్టి రాస్తున్నాను.

ఆయనది పుట్టుకతో వచ్చిన సర్దుబాటు. చిన్నప్పుడు వాళ్ళ అమ్మా నాన్నా ఒకే ఇంట్లో ఉంటూ మాటలు మానేశారట. గొడవేమిటో ఆయనకు పెద్దయ్యాక కూడా తెలియలేదు. వంటింట్లోంచి వరండాలోకీ, వరండాలోంచి వంటింట్లోకీ మాటలు మోసే పని ఈయనకు పడింది. "ఆ మహానుభావుడితో చెప్పు, ఇంట్లో గింజ లేదు, ఇవాళ గాలి భోంచెయ్యమను" అని అమ్మ అంటే, ఈయన వరండాలోకి వెళ్ళి "నాన్నా, సరుకులు అయిపోయాయట" అనేవారు. "మీ అమ్మ పుట్టింటివాళ్ళని పంపమను" అని నాన్న అంటే, వంటింట్లోకి వచ్చి "తెస్తారటమ్మా" అనేవారు. ఆ ఇంట్లో చిప్పలు ఎగరలేదంటే ఈ పిల్లాడి పుణ్యమే.

పెళ్ళయ్యాక అదే విద్య మళ్ళీ అక్కరకొచ్చింది. భర్త పోయిన అక్క మేడ మీద గదిలో, భార్య కింద. వదినా మరదళ్ళకు ఉప్పూ నిప్పూ. "మీ అక్కకి చెప్పండి, ఇంకోసారి నా పిల్ల జడ గురించి నోరెత్తితే మర్యాద దక్కదని" అని భార్య కింద నుంచి పంపిన మాట, మెట్లెక్కేసరికి "పిల్లకి జడ నువ్వు వేస్తే బాగుంటుందంటోంది అక్కా" అయ్యేది. అక్క పొంగిపోయి ఒక నూనె సీసా కిందికి పంపేది. ఆ సీసా చూసి భార్య మెత్తబడేది. ఇదంతా ఆయనే మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుకుంటూ నాకు చెప్పేవారు, చెప్పి ముసిముసిగా నవ్వేవారు. పాము చావకుండా కర్ర విరగకుండా బతకడం ఒక కళ అని ఆయన నమ్మకం. నిజం ఎప్పుడో ఒకరోజు మెట్లు దిగి వస్తుందండీ అని నేననేదాన్ని. "రానీ అమ్మా, దానికీ ఓ కుర్చీ వేద్దాం" అనేవారు.

ఇక ఆయన పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు.

మాంసం, పళ్ళు, మందులు గడ్డకట్టించి దాచే పెద్ద పెద్ద కోల్డ్ స్టోరేజీలకు కాపలా ప్రోగ్రాములు రాసి అమ్మే చిన్న కంపెనీ మాది. తలుపు తెరుచుకుపోయిందనో, లోపల చలి తగ్గిందనో, గదిలో చిక్కుకున్న మనిషి మీట నొక్కాడనో ప్రోగ్రాముకు కబురు వస్తుంది. ఆ కబురును ఈవెంట్ అంటాం. కబురు అందుకుని పని జరిపించే ముక్కను హ్యాండ్లర్ అంటాం. గంట ఈవెంట్ అయితే, గంట విని లేచి వెళ్ళేవాడు హ్యాండ్లర్. ప్రతి హ్యాండ్లరుకూ ఒక పట్టుదల ఉంటుంది. నాకు రెండే విషయాలు చెప్పు, మొదట ఎవరు పిలిచారో చెప్పు, తర్వాత ఏం జరిగిందో చెప్పు, అంటుంది. ఆ పట్టుదలకు సిగ్నేచర్ అని పేరు. కబురులో వచ్చేవీ హ్యాండ్లరు అడిగేవీ లెక్కకు లెక్క, వరసకు వరస సరిపోవాలి.

రెంటికీ ముందే ముడి వేసి పెడితే చిక్కు లేదు. మనం రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చే కంపైలరు, సరిపోని చోట మొహం మీదే తిట్టి ప్రోగ్రామును తయారు కానివ్వదు. నాకు తెలిసినంతలో అంత నిజాయితీగా తిట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు. కానీ మా కస్టమర్లు ఇవాళ ఒక కంపెనీ మీట కొంటారు, రేపు ఇంకో కంపెనీ థర్మామీటరు తగిలిస్తారు. ప్రోగ్రాము ఆపకూడదు, మమ్మల్ని పిలవకూడదు, వాళ్ళ ఫిట్టరే తెర మీద ఈ మీటకు ఈ హ్యాండ్లరు అని ఎంచుకుంటే అప్పటికప్పుడు ముడి పడాలి. నడుస్తున్న ప్రోగ్రాములో పడే ముడి అది. అక్కడ తిట్టడానికి కంపైలరు ఉండదు. రెంటికీ పొసగకపోతే ప్రోగ్రాము ఉన్నపళంగా కూలబడుతుంది. కూలబడింది కూడా. కస్టమర్లు ఫోన్లో మేనేజరు తలంటారు, మేనేజరు వచ్చి మా తలంటాడు.

అప్పుడు సర్దుబాటు గారు అతుకు రాశారు. ఆ ప్రోగ్రాము ముక్కకు పేరు ఆయనే పెట్టారు, అలాంటి ముక్కను మేం క్లాసు అంటాం. కబురుకూ హ్యాండ్లరుకూ మధ్య అది కూర్చుంటుంది. హ్యాండ్లరు ఎన్ని విషయాలు అడుగుతుందో అప్పటికప్పుడు చూసుకుంటుంది. కబురులో తక్కువ ఉంటే ఖాళీలు పెట్టి నింపుతుంది. ఎక్కువ ఉంటే చివరివి తీసి పక్కన పారేస్తుంది. ఏ మీటైనా ఏ హ్యాండ్లరుకైనా అతుక్కుంటుంది, ఎక్కడా చప్పుడుండదు. నిజం చెప్పొద్దూ, అందంగా రాశారు. మేనేజరు అందరికీ కేకు కోయించాడు. సర్దుబాటు అన్న పేరు ఆయనకు ఆ రోజునే స్థిరపడింది.

నేను మాత్రం కేకు తింటూనే గొణిగాను. "పారేసినప్పుడు కనీసం అరవాలి కదండీ. ఇదిగో ఇది పారేశాను, చూసుకోండి అని."

"అరిస్తే కస్టమరు భయపడతాడమ్మా. పని జరుగుతోందా లేదా, అదీ కావాల్సింది."

"పారేసిందాంట్లోనే పని ఉంటేనో?"

"అడగనిదాన్ని ఇవ్వకపోతే ఎవరికి నష్టం చెప్పు? హ్యాండ్లరు అడిగింది రెండు, మనం ఇచ్చింది రెండు. మూడోది ఉందని దానికి తెలియనే తెలియదు." అని, నా ప్లేటులో ఇంకో ముక్క పెట్టారు.

అతుకు మూడు వేసవులు చప్పుడు లేకుండా పనిచేసింది. ఆయనకు జీతం పెరిగింది. కొత్తగా చేరినవాళ్ళకు ఆ క్లాసును చూపించి, ఇలా రాయాలి అని మేనేజరు పాఠం చెప్పేవాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం మేనేజరు రుమాలుతో మెడ తుడుచుకుంటూ మా బల్లల దగ్గరికి వచ్చాడు. ఒక కస్టమరు కోల్డ్ స్టోరేజీలో కూలీ కుర్రాడు ముందురోజు సాయంత్రం గడ్డకట్టించే గదిలో చిక్కుకుని చనిపోయాడు. లోపలివైపు గడియ మంచుపట్టి బిగుసుకుపోయింది. ఒక్క నిమిషం పనే కదా అని మందపాటి కోటు వేసుకోకుండా లోపలికి వెళ్ళాడట. మేనేజరు ముఖంలో మాత్రం ఊపిరి పీల్చుకున్న గుర్తులు కనబడుతున్నాయి.

"మన బెల్లు మోగిందట. బ్రహ్మాండంగా మోగిందట. వాచ్‌మనే ఆపేశాడు. మోగడం, వీడు ఆపడం, మోగడం, వీడు ఆపడం. వాడికి ఆ పోయిన కుర్రాడు సొంత మేనల్లుడేనట, పాపం. తనే తీసుకొచ్చి పనిలో పెట్టాడట. అక్క ఇప్పుడు గుమ్మం తొక్కనివ్వడం లేదట. మనకి సంబంధం లేదనుకోండి."

సర్దుబాటు గారు కుర్చీ వెనక్కి జరిపారు. "తెర మీద ఏం పడిందట?"

"ఏదో పెట్టె అని పడిందంటాడు. ఫ్యూజులుండే గదిలో ఆ పెట్టె ఉంటుందట, దాని దగ్గరికే పరిగెత్తానంటాడు. తాగి ఉంటాడు. మన తెర మీద గది నంబరు పడుతుందిగా? నేను వాళ్ళకి ఫోన్లో అదే చెప్పాను. పొద్దున్నే మన సేల్స్ కుర్రాణ్ణి కూడా పంపించాను, ఆ తల్లి ముందే చెప్పి వచ్చాడు."

మేనేజరు వెళ్ళిపోయాక కూడా ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకోలేదు. "అత్తగారూ, వాళ్ళు మీటలు మార్చారేమో కనుక్కుంటావా" అన్నారు.

కనుక్కున్నాను. మార్చారు. పాత మీటలు గదికొకటి, దేనికదే సొంతంగా కబురు పంపేది. అందుకని ఎవరు పిలిచారు అన్న మొదటి విషయంలోనే గది నంబరు ఉండేది. కొత్తవి అన్నీ ఒకే పెట్టెకు తీగలతో కలిపి ఉన్నాయి. కబురు పంపేది ఆ పెట్టె. మొదటి విషయం, పెట్టె పేరు. రెండోది, మీట నొక్కారు. ఏ గదిలో నొక్కారన్నది మూడోది. వాళ్ళ ఫిట్టరు దాన్ని తెచ్చి తగిలించి, తెర మీద పాత హ్యాండ్లరునే ఎంచుకున్నాడు. అది అడిగేది రెండే. ఫిట్టరు ఒకసారి నొక్కి చూశాడు, గంట మోగింది, ఎర్రదీపం వెలిగింది, ఇంటికి వెళ్ళాడు. మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకుండా చెయ్యడమే కదా అతుకు గొప్పతనం.

అలాంటి పెట్టెనే బజారు నుంచి తెప్పించి నా బల్ల మీద పెట్టాను. ఆయన పక్కనే నిలబడ్డారు. మీట నొక్కాను. గంట మోగింది. తెర మీద ఎర్రగా పడింది, పెట్టె, మీట నొక్కారు, అని. దాని పక్కన ఇంకేమీ లేదు. ఇంకో గది తీగ కలిపి నొక్కాను. అదే పడింది.

వాచ్‌మన్ తాగలేదు. ఆ ఆదివారం ఆ గోడౌన్లో ఉన్నది మామా అల్లుళ్ళిద్దరే. కుర్రాడు పని ముగించుకుని, అలవాటు ప్రకారం వెనక గేటు నుంచి ఇంటికి వెళ్ళిపోయాడనే మామ అనుకున్నాడు. గంట మోగింది. తెర పెట్టె అంది. పెట్టె దగ్గరికి పరిగెత్తాడు. కొత్త పెట్టె వచ్చినప్పటినుంచీ దొంగ గంటలు మోగుతూనే ఉన్నాయి, మోగితే ఆపి కరెంటు మేస్త్రీకి ఫోన్ చెయ్యమని వాళ్ళ సూపర్‌వైజరే చెప్పాడు. ఆపాడు. మళ్ళీ మోగింది, మళ్ళీ ఆపాడు, మేస్త్రీకి ఫోన్ చేశాడు. కాసేపటికి గంట దానంతటదే మోగడం మానేసింది. బాగయిందనుకున్నాడు.

"అంతా అందింది అత్తగారూ" అన్నారు సర్దుబాటు గారు తెర వైపే చూస్తూ. "వాడు నొక్కిన ప్రతిసారీ గది నంబరు మన దాకా వచ్చింది. మన చేతుల్లోకి వచ్చింది."

నేను మంచిదాన్ని కాను. ఆ క్షణంలో కూడా, "అరవాలని చెప్పానా లేదా?" అన్నాను. అన్నందుకు ఇప్పటికీ బాధ లేదు. ఆయన తలూపారు. తలూపుతూనే కుర్చీలో కూలబడి, అరచేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని ఏడ్చారు. అంత పెద్దమనిషి అలా ఏడుస్తుంటే చూడలేక నేను పెట్టె తీగలు ఒక్కొక్కటే ఊడదీస్తూ కూర్చున్నాను.

ఆ వారంలోనే అతుకును మార్చేశారు. సరిపోని ముడి పడబోతే ఇప్పుడది ఆగిపోయి అరుస్తుంది, ఏది మిగిలిపోయిందో చెబుతుంది, మనిషి వచ్చి చూసేదాకా ఊరుకోదు. అది చాలా తేలికైన పనిగా తేలింది. మాట చెప్పడమే కష్టమైంది.

జరిగిందంతా రాసి మేనేజరుకు ఇచ్చారు. నేను చదివాను. పెట్టె మూడు విషయాలు పంపింది, హ్యాండ్లరు రెండే తీసుకుంది, గది నంబరును అతుకు చప్పుడు లేకుండా పారేసింది, వాచ్‌మన్ చూసింది నిజమే, అతుకు రాసింది నేను, అని ఉంది. ఆయన జీవితంలో ఏ మాటకూ అంచులు చెక్కకుండా రాసిన కాగితం అదొక్కటే అయ్యుంటుంది.

"తప్పకుండా చెబుదాం" అన్నాడు మేనేజరు. "ఎవరు కాదన్నారు? లాయరుని ఒక్క మాట అడగనివ్వండి. తొందరపడి అడుసు తొక్కడం దేనికి, కాలు కడుక్కోవడం దేనికి?"

లాయరు ఊళ్ళో లేడు. వచ్చాక, కస్టమరు లాయరుతో మాట్లాడాలన్నాడు. ఆ లాయరు ఇన్సూరెన్సు వాళ్ళను అడగాలన్నాడు. వాచ్‌మన్‌ను ఈలోగా పనిలోంచి తీసేశారు. సర్దుబాటు గారు వెళ్ళి అడిగినప్పుడల్లా మేనేజరు భుజం మీద చెయ్యి వేసి మాట్లాడేవాడు, ఈయన తిరిగొచ్చి, "ఇంకొంచెం ఆగమంటున్నారు, వాళ్ళ ఇబ్బంది వాళ్ళకుంది" అనేవారు. నేను వెళ్ళి చెప్పేస్తానన్నాను. "వద్దమ్మా. రాసింది నేను. నువ్వు చెబితే అది కూడా ఎవరో వచ్చి చెప్పిన మాటవుతుంది. నేనే చెప్పాలి. కాస్త ఆగు" అన్నారు. మింగలేక కక్కలేక మనిషి సగమయ్యారు. డబ్బా విప్పడం మానేశారు, ఒకవేళ విప్పినా మూత వైపు చూస్తూ కూర్చునేవారు.

ఇంట్లో మాత్రం ఒక మార్పు వచ్చింది. ఆయన మాటలు కోయడం మానేశారు. కింద భార్య ఏమంటే అది, అన్నది అన్నట్టు మేడ మీదికి చేరవేయడం మొదలుపెట్టారు. మేడ మీద అక్క అన్నది అన్నట్టు కిందికి తెచ్చారు. అన్నేళ్ళుగా ఒకరికొకరు ఏమనుకుంటున్నారో ఆ ఆడవాళ్ళిద్దరికీ మొదటిసారి తెలిసింది. అక్క పెట్టె సర్దుకుని దూరపు చుట్టం ఇంటికి వెళ్ళిపోయింది. "నిజం చెబితే ఇల్లు బాగుపడుతుందనుకున్నారా?" అని భార్య ఏడ్చిందట. "బాగుపడుతుందని కాదు. నా చేతుల్లో ఇంకేదీ రాలిపోకూడదని" అన్నానమ్మా అని నాతో చెప్పారు. ఇంట్లో నోరు తెరిచిన మనిషి ఆఫీసులో ఎందుకు ఆగుతున్నారో నాకు అర్థం కాలేదు. అడిగితే, "ఇంట్లోవాళ్ళు నన్నేం చెయ్యగలరు? ఆ తల్లి మొహం ఎలా చూడాలమ్మా" అన్నారు. అసలు భయం మేనేజరూ కాదు, లాయరూ కాదు అని అప్పుడు తెలిసింది.

చివరికి కంపెనీ మాట బయటికి వచ్చింది. కస్టమర్లందరికీ కొత్త అతుకును పంపుతూ, దానితోపాటు ఒక ప్రకటన పంపారు. మేనేజరు మురిసిపోతూ మా బల్ల మీద పెట్టాడు. కొన్ని రకాల పరికరాల విషయంలో కొన్ని అదనపు వివరాలు తెర మీద కనబడకపోయే అవకాశం ఉండేదనీ, దాన్ని ఇప్పుడు మెరుగుపరిచామనీ ఉంది. గది నంబరు లేదు. వాచ్‌మన్ లేడు. చచ్చిపోయిన కుర్రాడు లేడు. ఆయన ఇచ్చిన కాగితం మేనేజరు నుంచి లాయరుకూ, లాయరు నుంచి ఇంకో లాయరుకూ వెళ్ళేసరికి, ఎవరికి అక్కర్లేనిది వాళ్ళు తీసేశారు. తిలాపాపం తలా పిడికెడు.

సర్దుబాటు గారు దాన్ని రెండుసార్లు చదివారు. లేచి చొక్కా సర్దుకున్నారు. "వస్తావా అత్తగారూ?" అన్నారు. సంచీ తీసుకుని లేచాను. మేనేజరు తలుపు దగ్గర, "ఏంటి, ఇద్దరూ ఎక్కడికి?" అన్నాడు. "మీరు చెప్పకుండా వదిలేసింది చెప్పడానికి" అన్నారాయన. ఆ మనిషి ఒకరికి ఎదురు చెప్పడం నేను చూడటం అదే మొదలు.

గోడౌను సూపర్‌వైజరు ఇచ్చిన గుర్తుల ప్రకారం వెళ్ళాం. ఇరుకు వీధి, రెండు వైపులా ఆరేసిన బట్టలు, మురుగు కాలువ మీద పరిచిన పలకలు. ఆవిడ ఇస్త్రీ చేసి బతుకుతుంది. వీధిలోకి తెరిచిన ముందుగదే దుకాణం. ఒక పక్క మడతపెట్టిన బట్టల దొంతరలు, మధ్యలో దుప్పటి పరిచిన బల్ల. ఎవరి చొక్కానో ఇస్త్రీ చేస్తూ తల ఎత్తకుండానే, "రేపు సాయంత్రానికైతేనే తీసుకుంటాను" అంది.

"బట్టలు కాదమ్మా" అన్నారు సర్దుబాటు గారు. "మీ అబ్బాయి గురించి వచ్చాను."

ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన గుమ్మంలోనే నిలబడి చెప్పారు. ఈవెంటూ హ్యాండ్లరూ అనకుండా, మీట నొక్కితే ఏం జరగాలో, ఆ రోజు ఏం జరిగిందో చెప్పారు. ఎక్కడా కంపెనీ అనలేదు, మెషీను అనలేదు. "గది నంబరు వచ్చిందమ్మా. నేను రాసిన ప్రోగ్రాము దాన్ని పారేసింది. పారేసినట్టు చెప్పలేదు. చెప్పకుండా పారెయ్యాలని రాసింది నేనే. మీ తమ్ముడికి కనబడింది పెట్టె అన్న మాటే. ఆయన తెర చెప్పిన చోటికే పరిగెత్తాడు. ఆయన తప్పు లేదు. తప్పు నాది."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. అలాంటిదేమైనా చేసి ఉంటే ఆయనకు కాస్త తెరిపిగా ఉండేదేమో.

"తెర మీద నంబరు పడలేదా?" అంది.

"పడలేదమ్మా."

"వాడూ అదే అన్నాడు. పెట్టె అని పడిందక్కా, నీ మీద ఒట్టు అన్నాడు. మీ ఆఫీసు నుంచి ఒకబ్బాయి వచ్చాడు, తెల్ల చొక్కా వేసుకుని. నంబరు పడుతుందండీ, మేం ఎన్నోసార్లు చూసుకున్నాం అన్నాడు. చదువుకున్నవాడు, అబద్ధం ఎందుకు చెబుతాడు అనుకున్నా." కొంగుతో నోరు తుడుచుకుంది. "పదిమంది ముందు అనరాని మాటలన్నాను. నా కొడుకు పిలుస్తుంటే వాడి గొంతు నొక్కేశావురా అన్నాను. ఈ గడప దగ్గరే కూర్చుని ఏడ్చాడు. వాడి మొహం మీదే తలుపేశాను."

"ఇప్పుడెక్కడున్నారమ్మా? నేనే వెళ్ళి చెబుతాను. మీరు కూడా వస్తే..."

"ఎక్కడున్నాడో తెలిస్తే నేనీ చొక్కాలు రుద్దుకుంటూ కూర్చుంటానా బాబూ? ఆ నెలలోనే గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. తెలిసినవాళ్ళందర్నీ అడిగాను."

ఆ నెలలోనే అంటే, లాయరు ఊళ్ళో లేడని మేం ఆగిన రోజులవి. సర్దుబాటు గారు ద్వారబంధం పట్టుకున్నారు.

ఆవిడ లోపలికి వెళ్ళి ఫోన్ తెచ్చింది. అద్దం పగిలిన చిన్న ఫోను. తనే నంబరు నొక్కి ఆయన చేతికిచ్చింది. "వాడికి చెప్పండి. ఇప్పుడు నాకు చెప్పారే, అలాగే చెప్పండి. ఏదీ వదలొద్దు."

ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది, ఆ నంబరు వాడుకలో లేదని చెప్పే గొంతు. ఆ గొంతు తను చెప్పాల్సింది చెప్పి, మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఆయన చివరిదాకా విన్నారు. ఆవిడ ఆయన పెదవుల వైపే చూస్తోంది.

"ఈ నంబరు ఇప్పుడు లేదమ్మా" అన్నారు.

"తెలుసు" అంది ఆవిడ. ఫోను తీసుకుని పైటకు తుడిచింది. "కోపం చల్లారిన కాడినుంచీ రోజూ చేస్తున్నా."